రాబోవు రోగికి ఒక పడక: డాక్టరు కుగ్లరమ్మగారి జీవితము

ధ్యాన భాగములు: లూకా 10:25–37, యోహాను 5:1–9



మంచి సమరయుని ఉపమానము మన సండేస్కూలు పిల్లలకు కూడ కంఠపాఠమే. దొంగల చేతికి చిక్కినవాని గాయములు కట్టుట, వానిని తన వాహనముమీద ఎక్కించుట, పూటకూళ్ల యింటికి చేర్చుట మనకందరకు జ్ఞాపకముండును. అయితే మరునాటి యుదయమున జరిగిన చిన్న సంగతిని మనము తరచుగా దాటిపోవుదుము. సమరయుడు రెండు దేనారములు తీసి పూటకూళ్లవాని చేతిలో పెట్టెను. అంతకు మించి ఖర్చగునెడల తిరిగి వచ్చినప్పుడు తీర్చుదునని మాట యిచ్చెను. గాయపడినవాడు ఎన్నాళ్లకు లేచునో ఆయనకు తెలియదు. తెలిసినంతవరకు లెక్క కట్టి యిచ్చెను. తెలియనిదానికి చోటు విడిచెను. ఇంకొక సంగతికూడ కలదు. ఆ రాత్రి పూటకూళ్లవాని యింట ఒక్క పడకయైనను ఖాళీ లేనియెడల ఈ ఉపమానము మధ్యలోనే ఆగిపోయెడిది.

వైద్యశాల నడుపువారికి ప్రతి దినము ఎదురగు కష్టము ఇదియే. పడకలు ఎన్నియున్నవో వారికి తెలియును. రేపు గుమ్మమునొద్ద ఎవరు నిలుచుందురో తెలియదు. నొప్పులతో వచ్చు తల్లియా, జ్వరముతో కాలిపోవు పసిబిడ్డయా, ఆపరేషనుకొరకు ముందుగా మాట తీసికొని వచ్చు వృద్ధురాలా, చేలో పాము కరచిన కూలిమనిషియా? ఎవరికొరకు ఎన్ని పడకలుంచవలెను? డబ్బు చెల్లించువారు ఎందరు, చెల్లించలేనివారు ఎందరు ఉండినయెడల ఆ యిల్లు నిలుచును? ఈ భారమును 1883వ సంవత్సరము మొదలు 1930వ సంవత్సరమువరకు గుంటూరులో మోసిన దైవసేవకురాలు డాక్టరు అన్నా సారా కుగ్లరమ్మగారు. ఆమె జీవితమును ఈ నెల మనము ధ్యానింతము.

2022 ఏప్రిలు 4వ తేదీనుండి మన పల్నాడు, నరసరావుపేట ముఖ్యపట్టణముగా, ప్రత్యేక జిల్లా అయినది. అంతకుముందు మనమందరము గుంటూరు జిల్లావారమే. మన పాత సంఘములలో అనేకములు గుంటూరు లూథరన్ మిషను చెట్టున కాచిన కాయలే. 1842 జూలై 31న గుంటూరు చేరిన హయ్యరు దొరగారు కొంతకాలమునకు అమెరికా వెళ్లి, ఏబది యేండ్లు దాటిన వయస్సులో బాల్టిమోరు నగరమున వైద్యవిద్య చదివి మరల వచ్చిరి. 1849లో గురజాలలో కాపురము పెట్టి, ఒక చేత వాక్యము, ఒక చేత మందు పట్టుకొని మన పల్లెలలో సేవచేసిరి. అయితే ఆయన పురుషుడు. ఆ కాలమున పరదాలో నుండు స్త్రీలు పరపురుషునికి నాడి చూపరు. కాన్పు కష్టమైనను, జ్వరము ముదిరినను, మంత్రసాని చేయగలిగినంత చేయును. ఆ తరువాత ఏడ్పే మిగులును. అట్లు మూసియున్న తలుపులకు వెనుక ఎందరు రోగులున్నారో లెక్కించిన వారెవరును లేరు.

కుగ్లరమ్మగారు 1856 ఏప్రిలు 19న అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి ఆర్డ్‌మోర్ గ్రామమున జన్మించిరి. స్త్రీలు వైద్యము చదువుట వింతగా చూడబడు ఆ దినములలో ఫిలడెల్ఫియాలోని స్త్రీల వైద్య కళాశాలలో చేరి 1879లో పట్టము పొందిరి. తరువాత నారిస్‌టౌన్ అను ఊరిలో మనోవ్యాధి గలవారి ప్రభుత్వ వైద్యశాలలో స్త్రీల విభాగమున మూడేండ్లు పనిచేసిరి. అక్కడ వచ్చువారు ఎట్టివారో ముందే తెలియును. అందరును స్త్రీలు, అందరిది మనోవ్యాధియే. ఇట్టి నిలకడగల ఉద్యోగమును ఆమె విడిచి, ఎవరు వత్తురో, అసలు వత్తురో రారో తెలియని చోటికి రావలసియుండెను.

గుంటూరులో మిషనెరీగా నుండిన రో దొరగారి యుత్తరము ఆమెకు పిలుపుగా వచ్చెను. అయితే ఆమెను పంపవలసిన స్త్రీల మిషనెరీ సమాజము వైద్యసేవ చేపట్టుటకు అప్పుడు సిద్ధముగా లేదు. అందుచేత పరదా స్త్రీలకు చదువు చెప్పు మిషనెరీగా ఆమెను పంపిరి. వైద్యురాలు పంతులమ్మగా బయలుదేరి, 1883 చివర గుంటూరు చేరెను. మనలో ఎందరో ఇట్టి సమయమున నొచ్చుకొని వెనుదిరుగుదుము. ఆమె కొన్ని మందులు పెట్టెలో వేసికొని వచ్చిరి.

తరువాత జరిగినది చూడుడి. ఆమె చదువు చెప్పుటకు ఇండ్లకు వెళ్లినది. ఆ యిండ్లలో రోగులు కనబడిరి. కబురు ఊరిలో ప్రాకెను. కొందరు ఆమె బసకే వచ్చిరి, కొందరు తమ యిండ్లకు పిలుచుకొనిపోయిరి. పిలిచినవారిలో కొందరు ఆమె స్పర్శ మైలయని తలంచి, ఆమె వెళ్లగానే స్నానము చేసెడివారు. ఆమె దానికి కోపించి నాడి చూచుట మానలేదు. వైద్యశాల లేదు, పడక లేదు, మంజూరైన సొమ్ము లేదు. రోగులు మాత్రము వందలకొలది యుండిరి. రెండేండ్లు ఇట్లు గడచిన పిమ్మట, 1885 డిసెంబరులో సమాజమువారు ఆమెను వైద్య మిషనెరీగా నియమించిరి.

ఆ రెండేండ్లు వ్యర్థమైనవని కొందరనవచ్చును. మాకట్లు తోచదు. వైద్యశాల కట్టుటకు ముందుగా ఏయే వ్యాధులు ఏయే యిండ్లలో నున్నవి, ఎవరు గడప దాటి రాగలరు, ఎవరు రాలేరు అను సంగతి కండ్లార చూచుటకు దేవుడామెకు ఇచ్చిన కాలమది. కాగితముమీద గీసిన లెక్కకంటె గుమ్మములు త్రొక్కి నేర్చుకొనిన లెక్క మేలు.

వైద్యశాలకూడ ఒక్కసారిగా లేవలేదు. మొదట అద్దె యింట మందులిచ్చుట. తరువాత ఆమె స్వదేశమునకు సెలవుమీద వెళ్లి, సంఘములను తిరిగి కానుకలు కూర్చి వచ్చుట. 1893లో మందుల యిల్లు, అనగా డిస్పెన్సరీ. నాలుగేండ్లకు, 1897 జూన్ నెలలో, స్త్రీలకును పిల్లలకును వైద్యశాల. అప్పుడు మన దేశము కరువుతో అల్లాడుచుండెను. ఆ మీదట పిల్లల వార్డు, కాన్పుల విభాగము, ఆపరేషనులకు ప్రత్యేకముగా కట్టడము, నర్సుల నివాసము, ప్రార్థనాలయము, ఒక్కొక్కటిగా చేరెను. ముందుగా కొద్దిగా కట్టి, ఎవరు వచ్చుచున్నారో చూచి, ఆ మీద మరికొంత కట్టిరన్నమాట.

మన పల్నాటి మెట్టరైతుకు ఈ పద్ధతి క్రొత్తదికాదు. వాన యెప్పుడు కురియునో అతనికి తెలియదు. అందుచేత పొలమంతయు ఒకే పైరు వేయడు. జొన్నలో కంది సాళ్లు వేయును. వాన తొందరగా వెళ్లిపోయినను కంది నిలుచును. వాన నిలిచినచో రెండును పండును. విత్తనములన్నియు ఒకేనాడు చల్లక గాదెలో కొన్ని దాచును, మొదటి మొలక ఎండినయెడల మరల విత్తవలెను గనుక. ఆ దాచిన గింజలను చూచి, ఇవి ఊరక పడియున్నవే అని ఏ రైతు భార్యయు అనదు. వైద్యశాలలో ఖాళీ పడకయు అట్టిదే.

ఈ సంగతి తేటపడుటకు ఒక లెక్క వేసి చూతము. ఇది కేవలము ఉదాహరణకే. ఒక వైద్యశాలకు సగటున దినమునకొక కాన్పు వచ్చుననుకొందము. ప్రతి తల్లి పది దినములుండి వెళ్లుననుకొందము. అప్పుడు సగటున పదిమంది తల్లులుందురు గనుక పది పడకలు చాలునని తోచును. అయితే కాన్పులు లెక్కప్రకారము వరుసగా రావు. ఒకనాడు ఒక్కరును రారు. మరునాడు ముగ్గురు వత్తురు. ఇట్లు వచ్చువారిని గణితశాస్త్రజ్ఞులు లెక్కించు రీతిని చూచినచో, పది పడకలే యుంచిన వైద్యశాలలో పది దినములలో సుమారు నాలుగు దినములు పడకలకు మించి తల్లులుందురు. పదిహేను పడకలుంచినచో అట్టి కొరత ఇరువది దినములలో ఒక దినమునకు దిగును. ఆ అదనపు అయిదు పడకలు అనేక దినములు ఖాళీగానే యుండును. లెక్కలు చూచువానికి అది నష్టము. అర్ధరాత్రి నొప్పులతో వచ్చిన తల్లికి అది ప్రాణము.

అయితే ఆ అయిదు పడకలు ఎక్కడనుండి వచ్చును? ఇక్కడనే రోగులను తెలివిగా కలిపి చేర్చుకొను నేర్పు కావలెను. కంటి పొర తీయించుకొనవలసిన అవ్వ నెల రోజులాగగలదు. వరిబీజము గలవాడు కొన్నాళ్లు ఓర్చుకొనగలడు. అదే పేగు చిక్కుకొనినచో గంటయైనను ఆగరాదు. ఆగగలవారికి ముందుగా తేదీ చెప్పి, తొక్కిడి లేనప్పుడు పిలువవచ్చును. ఆగలేనివారికొరకు పడక విడిచి పెట్టవలెను. ఆగగలవారిని అసలే చేర్చుకొననియెడల పడకలు వ్యర్థమై, వారి నొప్పి తీరదు. వారితోనే ఇల్లంతయు నింపినయెడల ఆగలేనివారు గుమ్మమునొద్ద చత్తురు. ఈ రెంటికి నడుమ తూకము ప్రతి యుదయమున క్రొత్తగా వేయవలసినదే. ఒకసారి వ్రాసి గోడకు తగిలించిన పట్టిక చాలదు.

ఇక అన్నిటికంటె కష్టమైన చిక్కు ఒకటి కలదు. అది కులము. ఆ కాలమున స్త్రీలకు వైద్యమన్నచో కులము, ఘోషా లెక్కింపక తప్పదని పెద్దలు తలంచిరి. 1885లో మద్రాసు పట్టణమున వెలసిన విక్టోరియా వైద్యశాల పేరులోనే కులస్త్రీలు, ఘోషా స్త్రీలు అను మాటలుండెను. తలుపు దాటి రాని స్త్రీలను రప్పించుటకు ఆ మార్గము కొంత ఉపకరించెను. దానిని మేము చిన్నచూపు చూడము. అయితే గుంటూరు మిషను వైద్యశాల తలుపు ఏ కులమునకును మూయబడలేదు. మాల మాదిగలనుండి సంఘములోనికి వచ్చిన తల్లులును, అగ్రవర్ణపు ఇల్లాండ్రును, మహమ్మదీయ స్త్రీలును ఆ వైద్యురాలి చేతినే మందు తీసికొనిరి.

ఇది ప్రేమకు చెందిన మాట మాత్రమేకాదు, లెక్కకు చెందిన మాటకూడ. మరల ఉదాహరణ చూతము. ఇరువది పడకలున్నవి. వాటిని నాలుగు గదులుగా చీల్చి, ఒక్కొక్క జట్టునకు అయిదేసి పడకలు కట్టడిచేసితిమనుకొందము. ప్రతి జట్టునుండి సగటున నలుగురే రోగులుందురు. కనుక పైకి చాలునట్లే కనబడును. కాని పై లెక్కనుబట్టి చూచిన, పది దినములలో ఆరు దినములు ఏదో ఒక గదిలో పడక చాలదు. ప్రక్క గదిలో పడక ఖాళీగానున్నను గుమ్మమునొద్దనున్న స్త్రీ వెనుకకు పోవలసినదే. అవే ఇరువది పడకలను అందరికిని కలిపియుంచినచో, అట్టి కొరత ఏడెనిమిది దినములకు ఒక్కసారి మాత్రమే కలుగును. పడకలు పెరుగలేదు, సొమ్ము పెరుగలేదు. గోడ ఒక్కటే తొలగెను. మనుష్యులు కట్టిన గోడవలన ఎందరు తిరిగిపోవుదురో ఇందువలన తెలియుచున్నది. అంటురోగులకును కాన్పు తల్లులకును నడుమ గోడ అవసరము. అది ప్రాణము కాపాడు గోడ. మనిషి పుట్టుకనుబట్టి కట్టిన గోడ ప్రాణము తీయు గోడ.

అయినను పట్టింపులు ఒక్కనాటితో పోవునవి కావు. మన దేశములో రోగి ఒంటరిగా రాదు. తల్లి, అత్త, భర్త, చంటిబిడ్డ, వంటపాత్రలు, బియ్యపు మూట, అన్నియు బండిలో వచ్చును. ఒక్క రోగిని చేర్చుకొనిన నలుగురికి చోటు చూపవలెను. వారు ఎక్కడ వండుకొందురు, ఎక్కడ పండుకొందురు? వరండాలన్నియు వారితోనే నిండినచో రోగులు తగ్గిపోవలసివచ్చును. ఈ చిక్కు తీర్చినవారు ఒక హిందూ ప్రభువు. ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావు బహద్దూరువారి రాణికి కుగ్లరమ్మగారు వైద్యము చేసిరి. ఆ కృతజ్ఞతచేత రాజావారు రోగుల బంధువులకొరకు వైద్యశాల దగ్గర ఒక సత్రము కట్టించిరి. వైద్యురాలు ఊహింపని చోటినుండి సహాయము వచ్చెను. భోజనపు పట్టింపులకు సత్రములో చోటు దొరకెను. రోగుల పడకలు రోగులకు మిగిలెను.

సొమ్ముమాట చెప్పక విడువరాదు. మిషను వైద్యశాలలలో కలిగినవారు చెల్లించెడివారు, లేనివారు ఉచితముగా మందు పుచ్చుకొనెడివారు. చెల్లింపలేనివారితోనే పడకలన్నియు నిండినచో, మందుల కొట్టువాని బాకీ పెరిగి ఇల్లు మూతపడును. చెల్లించువారితో నింపినచో ఇల్లు నిలుచును గాని, దేనికొరకు కట్టిరో అది పోవును. అమెరికాలో పేద విధవరాండ్రు సయితము వేసిన కానుకలు, గుంటూరులో ధనవంతులిచ్చిన రుసుము, రాజుల విరాళములు, ఈ మూడును కలిసి సమరయుని రెండు దేనారములవంటివాయెను. మూడవ దినమున ఎంత ఖర్చగునో ఎవరికిని తెలియదు. అయినను గాయపడినవానిని లోపలికి తీసికొనిరి.

వత్తురని ఎదురుచూచినవారే వచ్చినను పని బరువే. ఎదురుచూడనివారు గుంపుగా వచ్చు ఏండ్లుకూడ కలవు. కలరా, మశూచి ఆనాడు మాటిమాటికి వచ్చెడివి. 1918లో లోకమంతట ప్రాకిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము మన దేశమున కోటికి మించిన ప్రాణములను తీసెను. అట్టి సమయమున పడకల లెక్కలన్నియు తలక్రిందులగును. అప్పుడు ఆదుకొనునవి గోడలుకావు, పని తెలిసిన చేతులు. గోడ కట్టినచోటనే యుండును. నర్సు మాత్రము ఈ దినము కాన్పుల గదిలో, రేపు జ్వరముల గదిలో పనిచేయగలదు. అందుచేతనే మన ఆడపిల్లలకు నర్సు పని నేర్పుట వైద్యశాలలో ముఖ్యమైన పనియాయెను. చదువులేని ఇండ్లనుండి వచ్చిన క్రైస్తవ బాలికలు తెల్లని చీర కట్టి, తమను ఇంటి చాయకు రానీయనివారి శిరస్సు పట్టుకొని మందు త్రాగించిరి. ఆ సేవవలన మారినది రోగుల శరీరములు మాత్రమే కాదు.

ఒకే యింట అందరిని చేర్చుకొనుట సాధ్యముకాదని కూడ ఆ తరమువారు గ్రహించిరి. కుగ్లరమ్మగారికి తోడుగా వచ్చిన డాక్టరు మేరీ బేరమ్మగారు పిమ్మట చీరాలలో వైద్యశాల స్థాపించిరి. రాజమహేంద్రవరమున మరియొకటి, మన పల్నాటిలో రెంటచింతలలో మరియొకటి లూథరన్ వైద్యశాలలు వెలసెను. క్షయరోగులను సాధారణ వార్డులలో ఉంచుట ఇతరులకు ప్రమాదము గనుక, అనేక మిషనులు కలిసి మదనపల్లె దగ్గర ఆరోగ్యవరమును స్థాపించిరి. ఎవరిని చేర్చుకొనవలెనో తెలిసికొనుట ఎంత ముఖ్యమో, ఎవరిని ఎక్కడికి పంపవలెనో తెలిసికొనుటయు అంతే ముఖ్యము. ఊరక పొమ్మనుట వేరు. చేయి పట్టుకొని సరియైన గుమ్మమునకు చేర్చుట వేరు.

దూరము సంగతి మన పల్నాటివారికి చెప్పనక్కరలేదు. మాచర్లనుండి గుంటూరు నూరు కిలోమీటర్లకు పైమాట. ఆ దినములలో ఎడ్లబండిమీద మూడు నాలుగు దినముల ప్రయాణము. మాచర్లకు రైలు వచ్చినది ఆమె జీవితము ముగిసిన కాలముననే. వెల్దుర్తి అడవి దాపుననుండియో, కృష్ణ యొడ్డుననుండియో బండి కట్టుకొని గుంటూరు చేరిన కుటుంబముతో, నేడు చోటు లేదు, రేపు రండని చెప్పుట సుళువైన మాటకాదు. వారికి రేపు ఉండకపోవచ్చును.

ఇక్కడ బేతెస్ద కోనేరు జ్ఞాపకము వచ్చుచున్నది. ఆ కోనేటికి అయిదు మంటపములుండెను; అన్నియు రోగులతో నిండియుండెను. చోటున్నది, రోగులున్నారు, కాని న్యాయమైన వరుస లేదు. నీళ్లు కదలినప్పుడు ఎవడు ముందుగా దిగునో వానికే స్వస్థత. అనగా తోడున్నవానికి, బలమున్నవానికి మాత్రమే. ముప్పది యెనిమిది యేండ్లనుండి పడియున్నవానిని దింపువాడెవడును లేడు. మన ప్రభువు ఆ మంటపములలోనికి వచ్చినప్పుడు, ముందు వరుసలో నిలిచినవానియొద్దకు పోలేదు. ఎవడును లేనివానియొద్దకు పోయెను. వైద్యశాలలో ఏర్పాటు లేనప్పుడు బేతెస్దయే నడచును. గట్టిగా అరచినవానికి, పెద్దవారి చీటీ తెచ్చినవానికి పడక దొరకును. ముందుగా ఆలోచించి చేసిన ఏర్పాటు ఎవడును లేనివానికి తోడువంటిది.

ఆమె సేవను ప్రభుత్వముకూడ గుర్తించెను. 1905లో కైజర్-ఇ-హింద్ పతకము నిచ్చిరి. 1917లో ఆ గౌరవమును మరల ఇచ్చిరి. ఆమె 1928లో తన వైద్యశాల చరిత్రను గ్రంథముగా వ్రాసిరి. ముసలితనములో స్వదేశమునకు వెళ్లి విశ్రమింపవచ్చును. ఆమె గుంటూరులోనే నిలిచిరి. 1930 జూలై 26న, ఏ వైద్యశాలను తాను కట్టెనో అందులోనే ప్రభునందు నిద్రించిరి. ఇతరులకొరకు అన్నేండ్లు పడకలు సిద్ధపరచిన ఆమె చివరి పడకయు అక్కడనే దొరకెను. తరువాత ఆ వైద్యశాలకు ఆమె పేరే పెట్టబడెను.

కాలము మారినది. నేడు పెద్ద వైద్యశాలలలో ఏ దినము ఎందరు వత్తురో, ఎన్నాళ్లుందురో, ఎన్ని ఆపరేషనులు పెట్టుకొనవచ్చునో కంప్యూటర్లచేత లెక్క వేయుదురు. అయినను తెలియనిది తెలియనిదే. 2020వ సంవత్సరపు వేసవిలో కరోనా నరసరావుపేటను అలముకొని, వీధులకు అడ్డుకట్టలు పడినప్పుడు మనము దానిని కన్నులార చూచితిమి. మరుసటి యేట దేశమంతట ఒక్క పడకకొరకు, ఒక్క ఆక్సిజన్ సిలిండరుకొరకు జనులు పరుగులెత్తిరి. పడకలన్నియు ఎల్లప్పుడు నిండియుండుటయే మంచి నడతయని తలంచినవారికి ఆ యేడు గట్టి పాఠము నేర్పెను.

సహోదరులారా, మనము డాక్టర్లము కాము, వైద్యశాల నడపువారము కాము. ఈ సంగతితో మనకేమి పని యని అనుకొనవద్దు. వైద్యశాలవారికి తెలియనిదానిలో కొంత మన గ్రామమునకు తెలియును. మన పేటలో నెలలు నిండుచున్న తల్లులు ఎవరో స్త్రీల సమాజమునకు తెలియును. ఆ పేర్లు ముందుగా నర్సమ్మకు చెప్పినచో, అర్ధరాత్రి పరుగు తప్పును. అక్కడ పడకయు సిద్ధముగా నుండును. రాత్రివేళ బండి తీయగల ఆటోవాడెవడో, ఎవరి రక్తము ఏ గుంపో యువజనులు వ్రాసి పెట్టుకొనవచ్చును. సంఘ నిధిలోనుండి ప్రతి నెల కొంత, ఏ పేరును వ్రాయక, రాబోవు రోగికని విడిచిపెట్టవచ్చును. అది సమరయుడు తెరచి విడిచిన పద్దు.

మరియొక మాట. ఆగగల వ్యాధితో మనము వైద్యశాలకు వెళ్లినప్పుడు, మన తేదీని వారము వెనుకకు జరిపిరని సణుగకుందము. ఆ వారము ఆ పడకమీద ఎవరు పరుండిరో మనకు తెలియదు. ఆ స్త్రీ దాచేపల్లి తల్లియో, బొల్లాపల్లి తండాలోని బిడ్డయో కావచ్చును. మన ఓపికవలన ఒక ప్రాణము నిలిచియుండవచ్చును. మనము మంచము దిగి చోటిచ్చినప్పుడు, మనమును ఆ పూటకూళ్ల యింటి సేవలో పాలివారమగుదుము.

ప్రార్థన: కృపగల తండ్రీ, మా పల్లెలకు వైద్యులను, నర్సులను పంపినందుకు నీకు స్తోత్రములు. ఎవరు వత్తురో తెలియక తలుపు తెరచి కూర్చున్నవారికి జ్ఞానమును, ఓర్పును దయచేయుము. తెలిసినదానిని జాగ్రత్తగా లెక్కించుటకును, తెలియనిదానికి చోటు విడుచుటకును మాకు నేర్పుము. ఈ రాత్రి మా పల్నాటి త్రోవలలో రోగితో పోవుచున్న ప్రతి బండికి ముందుగా నీవే నడిచి, ఒక పడక సిద్ధపరచుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.